కదలని అక్క, కదిలే లైటు

ఆ ఊళ్ళో ఫొటో దిగిన ప్రతి మనిషికీ ముక్కు పక్కన ఒకే నీడ ఉంటుంది. కోలగా, చిక్కుడు గింజంత. జడ్జిగారికీ అదే నీడ, ఆయన జైలుకి పంపిన జేబుదొంగకీ అదే నీడ. ఊరికి కొత్తగా వచ్చిన డాక్టరొకాయన దీన్ని వంశపారంపర్య లక్షణమని కొన్నాళ్ళు అనుమానించాడు గానీ, అది కేవలం స్టూడియో బాబాయి చలవ.

బాబాయి స్టూడియోలో రెండు లైట్లు. ఎడమ పక్కది పెద్దది, కుడి పక్కది చిన్నది. గది కట్టిన ఏడాదే వాటిని గోడలకి బోల్టులు వేసి బిగించాడు. తరవాత మూడుసార్లు గోడలకి రంగు వేసిన మేస్త్రీలు, ఎందుకైనా మంచిదని బోల్టుల మీద కూడా పూసి పోయారు. నేల మీద స్టూలు కాళ్ళకి నాలుగు పసుపురంగు గుర్తులున్నాయి. కెమెరాకి మూడు. అక్కడ లైటు కదలదు, కెమెరా కదలదు, స్టూలు కదలదు. కదలవలసింది మనిషి మాత్రమే.

"కొంచెం ఎడమకి. అబ్బే, అంతొద్దు. గడ్డం దించండి. మరీ దించారు. భుజం నాకివ్వండి. ఆ భుజం కాదు. ఇప్పుడు ఊపిరి తీసుకోకండి. ఒకటి, రెండు, మూడు!"

ముప్పై నాలుగేళ్ళుగా ఊరంతా ఈ ఆజ్ఞలకి తల ఒగ్గింది. ఒగ్గిన తలని బాబాయి మళ్ళీ కొంచెం ఎత్తించి ఫొటో తీశాడు.

ఇంతటి సామ్రాజ్యంలోనూ లొంగని భూభాగం ఒకటుంది. అది ఆయన సొంత అక్క.

అక్క ఆయనకన్నా ఆరేళ్ళు పెద్దది. ఊరి లైబ్రరీ నేలమాళిగలో ముప్పై ఎనిమిదేళ్ళుగా చిరిగిన పుస్తకాలు కుట్టి, జిగురు పెట్టి, కొత్త అట్టలు వేస్తోంది. లైబ్రరీలో అందరికీ ఆవిడ బైండింగమ్మ. తమ్ముడికి తొలి కెమెరా కొనిపెట్టింది ఆవిడే. ఆ కెమెరాతో ఆయన తీసిన తొలి ఫొటోలో కళ్ళు మూసుకున్నదీ ఆవిడే. అప్పటినుంచి ఇప్పటిదాకా ఆవిడ కళ్ళు తెరిచి ఉన్న ఫొటో ఒక్కటంటే ఒక్కటి ఆయన చేతిమీదుగా రాలేదు. పెళ్ళి ఫొటోలో పెళ్ళికొడుకు మెలకువగా ఉన్నాడు, పెళ్ళికూతురు నిద్రపోతోంది. లైబ్రరీ గుర్తింపు కార్డులోనూ అంతే. గేటు దగ్గరి కాపలాదారు రోజూ ఆ కార్డు చూసి, "లెండమ్మా, తెల్లారింది" అని లోపలికి పంపుతాడు. పాస్‌పోర్టు ఫొటో రెండుసార్లు తిరుగుటపాలో వచ్చాక మూడోసారి ఎదురు వీధి స్టూడియోవాడు తీశాడు. ఈ సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు.

కారణం ఆవిడ క్రమశిక్షణే. ఏ పనైనా చెప్పిన వేళకి చేసే మనిషి. తమ్ముడు "మూడు" అనగానే పెద్ద మెరుపొకటి వస్తుందని ఆవిడకి తెలుసు. కనుక సరిగ్గా మూడుకి, ఆఫీసు తలుపుల్లా, ఆవిడ కళ్ళు మూసుకునేవి.

ఆ ఆదివారం పొద్దున అక్క స్టూడియోకి వచ్చింది. బాబాయి భార్య కౌంటర్లో కూచుని ఫొటోలు కవర్లలో పెడుతోంది.

"శుక్రవారం నాకు రిటైర్‌మెంటు" అంది అక్క, స్టూలు మీద కూచోకుండా దాని పక్కన నిలబడి. "రిటైరైనవాళ్ళ ఫొటోలు రీడింగు హాలు గోడకి పెడతారు కదా. నాదీ పెడతారట."

"రా అక్కా, కూచో. ఇప్పుడే తీసేద్దాం" అన్నాడు బాబాయి హుషారుగా.

"ఇక్కడొద్దు. ఏ మనిషి ఫొటో ఆ మనిషి పనిచేసే చోటే తియ్యాలని లైబ్రరీలో పద్ధతి. నా బల్ల దగ్గర, నా ఏప్రన్‌తో, నా బ్రష్షుతో."

"నేలమాళిగలోనా? అక్కడ లైటేదక్కా?"

"అది నువ్వు చూసుకో. గురువారం మధ్యాహ్నం పన్నెండింటికల్లా ఫొటో లైబ్రేరియన్ గారికి చూపించాలి. నచ్చకపోతే శుక్రవారం పేపరు ఫొటోగ్రాఫరు వస్తున్నాడు, అతనిది పెడతారు." అక్క గుమ్మం వైపు తిరిగింది. "నేను మాత్రం మా తమ్ముడే తీస్తాడని చెప్పి వచ్చాను. అందరి ముందూ చెప్పాను."

అక్క వెళ్ళిపోయింది. ఊళ్ళో ఎవరి ఫొటో పాడైనా మళ్ళీ తీయొచ్చు. లైబ్రరీ గోడ మీద ఒకసారి పెట్టింది ఇక తీయరు. నాలుగు దశాబ్దాల బాకీ ఒక్కసారిగా నెత్తి మీద పడినట్టయింది.

"వదిన గోడ మీద కూడా నిద్రపోతుందా ఏమిటండీ?" అంది భార్య.

"నువ్వు కవర్లు చూసుకో" అన్నాడు బాబాయి.

మర్నాడు ఆయన నగరంలోని పెద్ద లైట్ల దుకాణానికి వెళ్ళాడు. ఒక భుజాన కెమెరా, ఒక చేతిలో గుడ్డసంచీ. సంచీలో ఒక పుచ్చకాయ. అక్క తలకి సరిగ్గా సరిపోయే కాయ కోసం ఆయన పొద్దున్నే మార్కెట్లో టేపు పట్టుకుని తిరిగాడు. పళ్ళమ్మే ఆవిడ, "తియ్యగా ఉందో లేదో కొట్టి చూస్తారు గానీ, ఇలా నుదురు కొలిచేవాణ్ణి చూడలేదు బాబూ" అంది. ఆ కాయకి అక్క పాత కళ్ళజోడు రబ్బరుబ్యాండుతో తగిలించి ఉంది.

దుకాణం నడిపే ఆవిడకి యాభై దాటి ఉంటాయి. మెళ్ళో దండలా కళ్ళజోడు వేలాడుతోంది. కౌంటరు మీద పుచ్చకాయ ప్రత్యక్షమైనా ఆవిడ కనురెప్ప కదల్లేదు.

"ఎవరు?" అని అడిగింది.

"మా అక్క."

"మీ పోలికే." ఆవిడ కాయని జాగ్రత్తగా ఒక స్టూలు మీద కూచోబెట్టింది. "చెప్పండి, ఏం ఇబ్బంది?"

బాబాయి డాక్టరుకి చెప్పినట్టు అంతా చెప్పాడు. కళ్ళు మూసుకోవడం, కళ్ళజోడులో మెరుపు, నేలమాళిగ, గురువారం పన్నెండు. ఆవిడ మధ్యలో ఆపకుండా విని, అలమారలోంచి డబ్బాలంత ఫ్లాష్ లైట్లు మూడు తీసి వరసగా పెట్టింది.

"ఇవి బ్యాటరీవి. గోడలో ప్లగ్గు వెతుక్కోనక్కర్లేదు. వెలుగు బలంలో ఇది రెండొందలది, ఇది నాలుగొందలది, ఇది ఆరొందలది."

"ఆరొందలది ఇవ్వండి" అన్నాడు బాబాయి. అక్క విషయంలో రాజీ ఉండకూడదని ఆయన నిశ్చయం.

"ఇది ఎండతో పోటీపడేవాళ్ళకి. చిన్న గదిలో దీన్ని వెలిగించారంటే మీ అక్కగారు కళ్ళు మూసుకోవడమే కాదు, సాయంత్రం దాకా తెరవరు. ఈ రెండొందలది చాలు. బరువు కూడా తక్కువ, ఒంటిచేత్తో ఎత్తొచ్చు. వెలిగిన సెకనులో మళ్ళీ సిద్ధమవుతుంది."

ఆవిడ లైటుని ఉత్తదిగానే పుచ్చకాయ మీద వెలిగించింది. కాయ వెనక గోడ మీద నీడ కత్తిరించినట్టు పడింది. బాబాయి తల అడ్డంగా ఊపాడు. తరవాత ఆవిడ లైటుకి ముందు పెద్ద రేకు పళ్ళెం తగిలించింది.

"ఇది అందాల పోటీలవాళ్ళు వాడతారు. దవడ ఎముకలు బాగా తేలతాయి."

"మా అక్కకి ఎముకలు మాటలోనే తేలతాయండీ. వేరేది చూపించండి."

అప్పుడు ఆవిడ ఎనిమిది ఊచల సాఫ్ట్‌బాక్స్ విప్పింది. నల్లబట్ట, ముందు తెల్లటి తెర, నిండా విప్పితే నాలుగడుగుల వెడల్పు. దాన్ని పుచ్చకాయకి మూరెడు దూరంలో నిలబెట్టి వెలిగించింది. బాబాయి ఫొటో తీసి, కెమెరా వెనక చూసుకుని అవాక్కయ్యాడు. గోడ మీద నీడ అంచు పాలలో పంచదారలా కరిగిపోయింది. పుచ్చకాయ గుండ్రంగా, హుందాగా, ఏదో విశ్వవిద్యాలయానికి ఉపకులపతిలా ఉంది.

"వెలుగు వచ్చే చోటు ఎంత పెద్దదైతే, ఎంత దగ్గరుంటే, నీడ అంత మెత్తగా ఉంటుంది" అంది ఆవిడ. "అంతకి మించి ఇందులో బ్రహ్మవిద్య లేదు."

"కళ్ళజోడులో మాత్రం తెర మొత్తం కనబడుతోందండీ." బాబాయి స్టూలు దగ్గరికి వెళ్ళి పుచ్చకాయని కొంచెం ఎడమకి తిప్పాడు. తరవాత దాని గడ్డం దించాడు. తరవాత భుజం కోసం వెతికి, లేదని గుర్తొచ్చి ఊరుకున్నాడు.

దుకాణం ఆవిడ ఆయన్నే చూస్తూ ఉండిపోయింది. "గది ఎత్తెంత?" అని అడిగింది చివరికి.

బాబాయి తెల్లబోయాడు. అక్క నుదురు కొలత తెలుసు, కంటికీ కంటికీ మధ్య దూరం తెలుసు. గది గురించి ఆలోచించే అవసరం ఆయన జీవితంలో ఎన్నడూ రాలేదు. గది అంటే ఎప్పుడూ ఉండేదే కదా.

"మనిషి నిలబడొచ్చు" అన్నాడు.

"ఏ మనిషి?"

బాబాయి సాయం కోసం పుచ్చకాయ వంక చూశాడు. ఆవిడ నిట్టూర్చి, లైటూ సాఫ్ట్‌బాక్సూ ఒక స్టాండూ కట్టి, మీద ఒక తెల్లటి పలచని గొడుగు పెట్టింది.

"ఇదెందుకండీ? బయట ఎండ కాస్తోంది."

"కొసరు. లైటు దీనిగుండా వెలిగిస్తారు. గది ఎత్తు తెలీదుగా, ఉండనివ్వండి."

తిరిగి వెళ్ళేముందు ఇద్దరూ పుచ్చకాయ కోసుకు తిన్నారు. చాలా తియ్యగా ఉంది. అన్ని ఫొటోల్లోనూ ఒక్కసారి కూడా కన్ను మూయకుండా సహకరించిన ఆ కాయని తినడం బాబాయికి కొంచెం బాధగానే తోచింది గానీ, రెండో ముక్కకి సర్దుకుంది.

గురువారం పదిన్నరకి ఆయన సరంజామా అంతా మోసుకుని నేలమాళిగ మెట్లు దిగాడు. దిగుతూనే దుకాణం ఆవిడ ప్రశ్నకి జవాబు దొరికింది. ఎత్తు ఏడడుగులు, కప్పు కింద ఒక నీళ్ళ గొట్టం. గదికి రెండు పక్కలా పుస్తకాల అరలు, మధ్యలో సన్నటి దారి. దారి చివర అక్క బల్ల, బల్ల పక్కన చక్రం తిప్పి పుస్తకాలు నొక్కే ఇనప ప్రెస్సు, దారపు ఉండలు, అట్టముక్కలు, నేల మీద ఒక వెడల్పాటి బేసిన్‌లో జిగురు. అక్క ఉతికిన ఏప్రన్ కట్టుకుని, తలలో వెంట్రుక కూడా చెదరకుండా దువ్వుకుని సిద్ధంగా కూచుంది. 

లైబ్రేరియన్ గారు కూడా చూద్దామని వచ్చి దారి మొదట్లో నిలబడ్డాడు. బాబాయి సాఫ్ట్‌బాక్స్ విప్పాడు. అది ఒక్క చప్పుడుతో పూర్తిగా తెరుచుకుని, అరకీ అరకీ మధ్య దారిని ఈ చివర్నుంచి ఆ చివరకి మూసేసి, పైన గొట్టానికి తన్నుకుని ఆగింది.

"నేను ఇవతల ఉన్నానండీ" అంది లైబ్రేరియన్ గొంతు, నల్లబట్ట వెనకనుంచి.

"రెండు నిమిషాలు సార్."

"ఫరవాలేదు. చదువుకోడానికి చాలా ఉన్నాయి."

బాబాయి కెమెరా నిలబెట్టి అందులోంచి చూశాడు. లైటు ఉన్నచోటికీ అక్క ఉన్నచోటికీ పొత్తు కుదరలేదు. ఇటువంటప్పుడు చేయవలసింది ఆయనకి బాగా తెలుసు.

"అక్కా, ఆ బల్ల నాలుగడుగులు ముందుకి జరుపుదాం."

"బల్ల ప్రెస్సుకి బిగించి ఉంది. ప్రెస్సుని నేలకి బోల్టులు వేసి బిగించారు."

"పోనీ కుర్చీ?"

"కుర్చీ జరిగితే కత్తెర అందదు."

"అయితే గడ్డం కొంచెం దించు."

"దించితే కళ్ళజోడు జారి కుట్టు కనబడదు. నేను పనిచేస్తున్నట్టు తీస్తున్నావా, ఏడుస్తున్నట్టు తీస్తున్నావా?"

"సరే, కదలకు. ఒకటి, రెండు, మూడు."

మెరుపొచ్చింది. అక్క కళ్ళు మూసుకుంది. పన్నెండు ఫొటోలు తీశాడు, పన్నెండింటిలోనూ మూసుకుంది. నాలుగింటిలో కళ్ళజోడు అద్దాలు రెండూ తెల్ల కిటికీల్లా మెరిశాయి. మూడింటిలో గొట్టం నీడ వచ్చి ఆవిడకి దిట్టమైన మీసం పెట్టింది.

"సార్, టైమెంతయింది?" అన్నాడు బాబాయి నీరసంగా.

"పదకొండూ ఇరవై" అంది నల్లబట్ట.

"అక్కా, ఒక్క జానెడు. కుడిపక్కకి ఒక్క జానెడు జరగవే. నీ పుణ్యముంటుంది."

అక్క బ్రష్షు బల్ల మీద పెట్టింది. ఆవిడ బ్రష్షు కింద పెట్టిందంటే ఏదో అయిందని లైబ్రరీలో అందరికీ తెలుసు.

"ఒరేయ్ చిన్నోడా. నీకు పదహారేళ్ళప్పటినుంచీ నన్నే కదుపుతున్నావు. ఇటు జరుగు, అటు తిరుగు, గడ్డం దించు, ఊపిరాపు. ముప్పై ఎనిమిదేళ్ళు ఈ కుర్చీలో కూచున్నాను, ఇవాళ ఆఖరి గురువారం, ఈ ఒక్కరోజు నన్ను నా చోట ఉండనివ్వలేవా? నీ లైటుకి కాళ్ళు లేవూ?"

బాబాయి లైటు కిందకి చూశాడు.

"ఉన్నాయి" అన్నాడు మెల్లిగా. "మూడు."

 మహా మహా సత్యాలు మనుషులకి చెట్ల కింద, కొండల మీద తెలిశాయని చెబుతారు. బాబాయికి ఇది జిగురు వాసన మధ్య, నీళ్ళ గొట్టం కింద తెలిసింది. లైటుని మోసుకుని రైల్లో వచ్చాడు, ఆటోలో తెచ్చాడు, మెట్లు దించాడు. అంత ప్రయాణం చేసిన వస్తువు ఇంకో జానెడు కూడా ప్రయాణం చేయగలదన్న ఊహ ఆయనకి ఇంతదాకా తట్టలేదు.

ఆయన సాఫ్ట్‌బాక్స్ ఊడదీశాడు. లైబ్రేరియన్‌కి విముక్తి కలిగింది. లైటుకి తెల్లగొడుగు తగిలించి, స్టాండు కాళ్ళు ముడిచి, కర్రలా కుడిచేత్తో పట్టుకున్నాడు. కెమెరా మీట నొక్కే చిన్న రిమోట్ ఎడమచేతిలో పెట్టుకున్నాడు. కెమెరాని దాని మానాన దాన్ని వదిలేసి, గొడుగెత్తుకుని అక్క వైపు నడిచాడు.

"ఇదేమిట్రా, ఎక్కడ వాన పడుతోంది?" అంది అక్క.

"నువ్వు పని చేసుకో అక్కా. నేనే తిరుగుతాను."

లైటు మధ్యలో ఒక చిన్న బల్బు ఆగకుండా వెలుగుతుంది, వెలుగు ఎక్కడ పడేదీ ముందే తెలియడానికి. బాబాయి గొడుగుని ఎడమకి తెచ్చాడు. అద్దాల్లో రెండు తెల్ల గుండ్రాలు కనిపించాయి. కుడికి తెచ్చాడు, గుండ్రాలు జరిగాయి. ఇంకాస్త పైకెత్తాడు. గుండ్రాలు అద్దాల అంచుదాకా పాకి, ఒక దాని వెనక ఒకటి మాయమయ్యాయి. అద్దాల వెనక అక్క కళ్ళు కనిపించాయి. గోధుమరంగువి. ఎడమ కంటి కింద ఒక పుట్టుమచ్చ. ఇన్నేళ్ళూ ఆయన ఫొటో తీసేటప్పుడు తల నల్లగుడ్డలోనో కెమెరా వెనకనో పెట్టేవాడు. అక్కని ఆ సమయంలో సూటిగా చూడటం ఇదే మొదటిసారి.

"బాగుందక్కా" అన్నాడు.

"ఏం బాగుంది? నువ్వు ఇంకా తియ్యందే!"

"ఇంకొంచెం ఎత్తు కావాలి." గొడుగు ఎత్తిపట్టి ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇంకో అడుగు వేయబోయాడు.

"ఒరేయ్, జిగురు!" అక్క బ్రష్షు అందుకుని గాల్లో ఊపింది. "వెనక్కి చూసుకోరా వెధవా, బేసిను!"

చూసుకోవడానికి ఆయనకి సమయం ఉంది. ఒక పూర్తి సెకను ఉంది. కానీ ఎదురుగా అక్క కళ్ళు ఇంతింత చేసుకుని, కోపంతో సగం, నవ్వుతో సగం తననే చూస్తోంది. బాబాయి ఒకటి అనలేదు, రెండు అనలేదు. ఎడమచేతి బొటనవేలు నొక్కాడు. ఆ తరవాతే కుడికాలు జిగురులో పెట్టాడు.

మడమదాకా దిగింది. అక్క పొట్ట పట్టుకుని నవ్వుతోంది. లైబ్రేరియన్ గారు ముందు కాసేపు హోదా కాపాడుకున్నాడు, తరవాత అరని పట్టుకుని నవ్వాడు. బాబాయి మాత్రం బేసిన్‌లోనే నిలబడి, "కెమెరా! ఎవరైనా ఆ కెమెరా ఇలా ఇవ్వండి!" అని అరుస్తున్నాడు.

లైబ్రేరియన్ తెచ్చి ఇచ్చాడు. ముగ్గురూ తలలు ఆనించి చూశారు.

వెనక అరలు మెత్తటి చీకట్లో ఉన్నాయి. ప్రెస్సు చక్రం అంచున సన్నటి వెలుగు గీత. ముందు అక్క, ఎత్తిన చేతిలో జిగురు బ్రష్షు, నోరు తెరిచి ఎవరినో తిడుతోంది. కళ్ళు రెండూ నిండుగా తెరిచి ఉన్నాయి. ఒక్కో కంట్లో ఒక్కో బుల్లి తెల్లగొడుగు.

బాబాయి వేలితో తెర మీద ఆ కళ్ళని ఒకసారి తాకి, మరక అంటుతుందని వెనక్కి తీసుకున్నాడు.

"పదకొండూ నలభై" అన్నాడు లైబ్రేరియన్. ఫొటోని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశాడు. "ఇదే కావాలి. రీడింగు హాల్లో ఈవిడ ఇలా చూస్తుంటే, ఇక ఎవడైనా పుస్తకంలో పేజీ చింపుతాడా?"

"అందులో నా నోరు తెరిచి ఉంది" అంది అక్క.

"కళ్ళు చూడక్కా."

"కళ్ళు సరే. నోరేమిట్రా అలా? పళ్ళు కూడా కనబడుతున్నాయి. ఇంకా ఇరవై నిమిషాలుంది, మళ్ళీ తియ్యి."

"తియ్యను" అన్నాడు బాబాయి.

పుట్టి బుద్ధెరిగాక ఆయన అక్కతో ఆ మాట అనడం ఇదే మొదలు. అన్నాక ఆయనకే ఆశ్చర్యమేసింది. అయినా జిగురులో ఉన్న కాలు తీయలేదు, అన్న మాట వెనక్కి తీసుకోలేదు. అక్క ఆయన్ని కిందనుంచి పైదాకా ఒకసారి చూసింది. ఏప్రన్ కొంగుతో కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకుంది. కెమెరా లాక్కుని ఫొటో మళ్ళీ చూసుకుంది. ఈసారి చాలాసేపు చూసింది.

"అయితే పెద్ద సైజు వేయించు" అంది చివరికి. "గుమ్మం దగ్గర్నుంచే కనబడాలి."